అనుభవం పండిన చేతులకు ఏ బండి?

ప్రశ్న: నాకు 63 ఏళ్ళు. ఇరవయ్యో ఏట నుంచి మోటారు సైకిల్ నడుపుతున్నాను. పన్నెండేళ్ళుగా నా దగ్గర నాలుగు సిలిండర్ల 1000 సిసి బండి ఉంది. బరువు 250 కిలోలు. రోడ్డు మీద దానికి వంక పెట్టలేను. అయితే రెండు నెలల కిందట ఇంటి ముందు వాలులో నిలపబోతుంటే కాలికింద ఇసుక జారి బండి కుడివైపుకు ఒరిగి పడిపోయింది. దెబ్బ తగల్లేదు గానీ ఒక్కడినే లేపలేకపోయాను. అప్పటి నుంచి దాన్ని బయటికి తీయాలంటే, వెళ్ళేచోట నిలపడానికి చదునైన జాగా దొరుకుతుందా అన్న ఆలోచనే ముందు వస్తోంది. ఎడమ మోకాలు ఎక్కువసేపు మడిచి ఉంచితే నొప్పి పెడుతోంది. క్లచ్ పట్టినప్పుడు బొటనవేలి మొదట్లో సలుపుతోంది. రోజువారీ పనులకూ, నెలకు రెండుసార్లు 250 కిలోమీటర్ల దాకా సాగే ప్రయాణాలకూ పనికొచ్చే బండి కావాలి. అప్పుడప్పుడు మా ఆవిడ వెనక కూర్చుంటుంది. పిల్లలు స్కూటర్ కొనుక్కోమంటున్నారు. పాత మిత్రులేమో, పెద్ద బండికి అలవాటుపడినవాడికి చిన్న బండి నెల తిరక్కుండానే విసుగొస్తుందంటున్నారు. పనికొచ్చేదీ మనసుకు నచ్చేదీ ఒకే బండి కావడం సాధ్యమేనా? — ఒక పాఠకుడు

జవాబు: సాధ్యమేనండీ. దారి కూడా మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. మీరు చెప్పిన ఇబ్బందుల్లో పెద్దది బండి పరుగు తీస్తున్నప్పుడు వచ్చింది కాదు, ఆగబోతున్నప్పుడు వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా నడిపిన మనిషికి మలుపులో బండిని ఎలా వంచాలో, బ్రేకు ఎంత నొక్కాలో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ విద్య వయసుతో అంత త్వరగా పోదు. ముందుగా తగ్గేది, కదలని బండిని అదుపులో పెట్టే ఒంటి సత్తువ. అందుకని ఈసారి ఇంజను ఆపి ఉంచిన స్థితి నుంచి ఎంపిక మొదలుపెట్టండి. ఎన్ని హార్స్‌పవర్లు అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిలోల అంకె ఒక్కటే చూసి చాలామంది పొరబడతారు. నిటారుగా నిలిచిన బండి మన చేతులకు దాదాపు ఏ బరువూ ఇవ్వదు. అది ఒరిగిన కొద్దీ భారం పెరుగుతుంది. మీ 250 కిలోల బండి బరువు కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనీ, మీరు పట్టుకున్న హ్యాండిల్ మీటరు ఎత్తున ఉందనీ అనుకుందాం. 5 డిగ్రీలు ఒరిగితే దాన్ని ఆపడానికి సుమారు 12 కిలోల బలం చాలు. 15 డిగ్రీలకు అది 36 కిలోలవుతుంది, 25 డిగ్రీలకు 58 కిలోలవుతుంది. అదే 180 కిలోల బండి, బరువు కేంద్రం 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే, 15 డిగ్రీల దగ్గర మీ చేతుల మీద పడేది 23 కిలోలే. బండి మొత్తం బరువులో తేడా నాలుగో వంతుకు కాస్త ఎక్కువ; చేతుల మీద పడే భారంలో తేడా మూడో వంతు. ఆ రోజు మీ ఇసుక వాలులో మీకు కావలసింది ఆ మూడో వంతే.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ ఉన్నదీ ముఖ్యమే. 1923లో వచ్చిన తొలి నమూనా నుంచీ బీఎండబ్ల్యూ వాడుతున్న బాక్సర్ ఇంజనులో సిలిండర్లు రెండూ పక్కలకు పడుకుని ఉంటాయి కాబట్టి బరువు కిందికి దిగుతుంది. హోండా ఎన్‌సీ750ఎక్స్‌లో పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉంటుంది. మామూలుగా ట్యాంకు ఉండే చోట హెల్మెట్ పట్టేంత అర ఉంటుంది. ఈ రెండు రకాలూ 200 కిలోలు దాటినా, నెట్టేటప్పుడు అంకె చూసి భయపడినంత బరువనిపించవు. ఇంకో జాగ్రత్త: కరపత్రంలో రాసిన బరువు పెట్రోలు, ఆయిలు నింపిన బరువా, ఖాళీ బరువా అన్నది అడిగి తెలుసుకోండి. 15 లీటర్ల పెట్రోలే 11 కిలోలు తూగుతుంది; మిగతా ద్రవాలు కలిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

నన్నడిగితే, అన్నీ నింపాక 200 కిలోలకు లోపు అన్న గీత గీసుకోండి. ఇది శాస్త్రం చెప్పిన హద్దు కాదు. నేను నడిపిన బండ్లనూ, ఈ వయసు మిత్రులు సంతోషంగా నడుపుతున్న బండ్లనూ చూసి కట్టిన లెక్క.

ఇక మోకాలు. కొనేవాళ్ళు సీటు ఎత్తు చూస్తారు, అది చూడవలసిందే. మోకాలి నొప్పికి మాత్రం అసలు కొలత సీటుకూ ఫుట్‌రెస్టుకూ మధ్య దూరం. సీటు బాగా తక్కువ ఎత్తున ఉండి ఫుట్‌రెస్టులు పైకీ వెనక్కీ ఉంటే నేల చక్కగా అందుతుంది గానీ, ప్రయాణమంతా మోకాలు ముడుచుకునే ఉంటుంది. షోరూములో స్టాండు మీదున్న బండెక్కి పాదాలు ఫుట్‌రెస్టుల మీద పెట్టి పావుగంట కూర్చోండి. సిగ్గుపడకండి, అక్కడివాళ్ళు ఏమనుకుంటారోనని రెండు నిమిషాల్లో దిగిపోతే ఆ తర్వాత ఏళ్ళ తరబడి భరించవలసింది మీ మోకాలే. సీటు ముందుభాగం వెడల్పు కూడా చూడండి. వెడల్పాటి సీటు తొడలను పక్కలకు తోసి కాలి పొడవును తినేస్తుంది కాబట్టి, 800 మిల్లీమీటర్ల సన్నటి సీటు మీద నుంచి 780 మిల్లీమీటర్ల వెడల్పాటి సీటు కంటే నేల బాగా అందడం మామూలే.

బొటనవేలి మొదట్లో సలుపు ఈ వయసులో తరచుగా కీళ్ళ అరుగుదల వల్ల వస్తుంది. ఒకసారి వైద్యుడికి చూపించండి. బండి వైపు నుంచి చేయగలిగింది చాలానే ఉంది. అసిస్ట్ క్లచ్ ఉన్న బండ్లలో ఇంజను లాగుతున్నప్పుడు క్లచ్ పళ్ళేలు వాటంతట అవే ఒకదాన్నొకటి బిగించుకునే ఏర్పాటు ఉంటుంది. అందువల్ల మెత్తటి స్ప్రింగులు సరిపోతాయి, లివరు రెండు వేళ్ళకు లొంగుతుంది. లివరు దూరాన్ని చేతికి తగ్గట్టు మార్చుకునే వీలుందేమో చూడండి. అంతకు మించి కావాలంటే క్లచ్ పట్టే పనే లేని బండ్లు ఉన్నాయి: హోండా 2010లో వీఎఫ్ఆర్1200ఎఫ్ మీద తెచ్చిన, గేర్లు తనంతట తానే మార్చే డ్యూయల్ క్లచ్ గేరుబాక్సు ఇప్పుడు ఎన్‌సీ750ఎక్స్ మీదా దొరుకుతుంది. అదే సంస్థ ఆ తర్వాత సీబీ650ఆర్ మీద ఇచ్చిన ఈ-క్లచ్‌లో లివరు ఉంటుంది, గేరు కాలితోనే మార్చుకోవాలి, క్లచ్ మాత్రం పట్టకపోయినా సాగుతుంది. గేరు మార్చడంలోని ఆనందం వదులుకోలేని వారికి ఈ రెండోది మంచి సర్దుబాటు అనిపిస్తోంది. వీటికి పోయే ముందు ఒక చిన్న పని చేయండి. ఇప్పుడున్న బండి క్లచ్ కేబులు ఎన్నేళ్ళ నాటిదో చూసి మార్పించండి. తుప్పు పట్టిన కేబులు చేసే చేటును మనం వేళ్ళ వయసు మీద వేసుకుంటూ ఉంటాం.

ఇప్పుడు మీ మిత్రులన్న విసుగు మాట. దీనికి నా జవాబు ఖచ్చితమైనది, ఎందుకంటే ఆ దారిన నేనూ నడిచాను. 1000 సిసి నాలుగు సిలిండర్ల బండ్లలో చాలావరకు మొదటి గేరులోనే గంటకు 100 కిలోమీటర్లు దాటగలవు. అంటే రోడ్డు నియమాల లోపల నడిపే మనిషి ఆ ఇంజను శక్తిలో చిన్న ముక్కనే రుచి చూస్తాడు. మిగతాదంతా వెంట మోసుకు తిరుగుతాడు. నేను బరువైన బండి వదిలి 180 కిలోల రెండు సిలిండర్ల బండికి మారిన తొలి వారం, ఎప్పుడూ వెళ్ళే కొండదారి మీద ఒక ఇరుకు మలుపు దగ్గర తేడా తెలిసింది. పాత బండి మీద ఆ మలుపుకు ముందే ఊపిరి బిగబట్టి, రెండో గేరులోకి దిగి, బండిని బతిమాలి తిప్పినట్టు తిప్పేవాణ్ణి. కొత్తదాని మీద మూడో గేరులో, ఎడమ చేత్తో హ్యాండిల్‌ను కాస్త ముందుకు నెట్టేసరికే బండి ఒరిగి, మలుపు చివర థ్రాటిల్ తిప్పగానే ఇంజను గొంతు మారి మెల్లగా లేచి నిలబడింది. వెనక్కి తిరిగి వెళ్ళి ఆ మలుపు మరో రెండుసార్లు తిరిగాను. మొదటి మూడు నెలల్లో, పాత బండి మీద ఏడాదిలో తిరిగినంత దూరం తిరిగాను, ఎందుకంటే కూరగాయలకు వెళ్ళాలన్నా చేయి ఆ తాళం వైపే పోయేది.

ఇంజను విషయంలో చూడవలసింది గరిష్ఠ శక్తి కాదు, తక్కువ వేగంలో లాగే బలం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 శక్తి 20 హార్స్‌పవర్లే. అయినా 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఆ లాగే బలం, ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగేసరికే అందుతుంది కాబట్టి, బజారులో గేరు మాటిమాటికీ మార్చకుండా హాయిగా సాగుతుంది. అయితే మీరు చెప్పిన 250 కిలోమీటర్ల ప్రయాణంలో వెనక మనిషితో గంటకు 100 వేగంలో సాగాలంటే అది ఆయాసపడుతుంది. 80 దగ్గర నడిపేవారికైతే అదే చాలు. ట్రయంఫ్ స్పీడ్ 400లో ఒక్క సిలిండరే అయినా 40 హార్స్‌పవర్ల దాకా ఉంది, బరువు 180 కిలోల లోపే. మీ అవసరానికి నాకు బాగా సరిపోతాయనిపించేవి 470 నుంచి 700 సిసి దాకా ఉన్న రెండు సిలిండర్ల బండ్లు: 471 సిసి హోండా సీబీ500 కుటుంబం, 649 సిసి కవాసకీ జడ్650, 689 సిసి యమహా ఎమ్‌టీ-07. ఇవన్నీ పెట్రోలుతో కలిపి 200 కిలోల లోపు తూగేవే. యమహాలో పిస్టన్లు తిప్పే ఇరుసును, అంటే క్రాంకును, 270 డిగ్రీల ఎడంతో అమర్చినందువల్ల శబ్దంలోనూ లాగడంలోనూ వీ ఆకారపు ఇంజను లక్షణం వస్తుంది. ఈ మూడింటిలో నా మనసు దానివైపే మొగ్గుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 క్రాంకూ 270 డిగ్రీలదే, ఇంజను ఎంతో మెత్తన, కూర్చునే తీరు నిటారు. కానీ బరువు 200 దాటుతుంది కాబట్టి దాన్ని మీరు నెట్టి చూశాకే నిర్ణయించుకోవాలి.

నెట్టి చూడటం అన్నాను గదా, పరీక్షలో సగం అదే. బండిని స్టాండు మీద నుంచి దించి, ఇంజను ఆపి, పక్కన నిలబడి పది అడుగులు వెనక్కి నడిపించండి. తర్వాత కాస్త ఎత్తుగా ఉన్నచోటికి నెట్టండి. ఎక్కి దిగడం పదిసార్లు చేయండి; పదోసారి కాలు సీటుకు తగిలితే, గంటన్నర ప్రయాణం తర్వాత తప్పకుండా తగులుతుందని అర్థం. ఖాళీ స్థలంలో హ్యాండిల్ పూర్తిగా తిప్పి, వెనక బ్రేకు మీద పాదం ఆనించి, నడక వేగంలో రెండువైపులా గుండ్రంగా తిరగండి. అప్పుడు రోడ్డెక్కండి. అయిదు నిమిషాల చుట్టుతో తృప్తి పడకండి, కనీసం గంట అడగండి, ఎందుకంటే మణికట్టు, నడుము, పిరుదులు మాట్లాడటం నలభై నిమిషాల తర్వాతే మొదలవుతుంది. ఆ గంటలో ఒక పావుగంట మీ శ్రీమతిగారు వెనక కూర్చోవాలి. ఆవిడ మోకాళ్ళు ఎంత ముడుచుకుంటున్నాయో, పట్టుకోవడానికి కడ్డీ ఉందో, ఎక్కడానికి మీ భుజం అందుతోందో ఆవిడే చెప్పాలి. ఇద్దరు ఎక్కినప్పుడు వెనక స్ప్రింగును బిగించుకునే వీలున్న బండినే తీసుకోండి. అది బిగించకపోతే బండి వెనక్కి కూర్చుని మలుపుల్లో ఈడ్చినట్టవుతుంది.

స్కూటర్ మాట చెప్పిన మీ పిల్లల్ని తప్పుపట్టను. కాలు ఎత్తి దాటించనక్కరలేదు, క్లచ్ లేదు, సామాను పెట్టుకోవచ్చు. ఊళ్ళో తిరగడానికే అయితే అంతకంటే సుఖమైనది లేదు. చిన్న చక్రాలు గుంతలో లోతుగా దిగుతాయి కాబట్టి మీ దూరపు ప్రయాణాలకు అది సరైన తోడు కాదు. దూరాలకు పనికొచ్చే పెద్ద స్కూటర్లలో చాలావరకు మళ్ళీ 200 కిలోలు దాటేస్తాయి.

ప్రశ్న: నాకు 57 ఏళ్ళు, ఎత్తు 155 సెంటీమీటర్లు. చాలా ఏళ్ళుగా బండి నడుపుతున్నాను. ఇప్పుడు మార్చుకుందామంటే అందరూ క్రూజరే తీసుకోమంటున్నారు, సీటు తక్కువ ఎత్తున ఉంటుంది కాబట్టి. నాకు నడుము నొప్పి ఉంది. వాళ్ళ మాట వినమంటారా? — ఒక పాఠకురాలు

జవాబు: సగం వినండి, అమ్మా. సీటు తక్కువ ఎత్తున ఉంటే కాలికి ధైర్యం ఉంటుంది, నిజమే. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లోనే చూస్తే క్లాసిక్ సీటు 805 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, క్రూజర్ తరహాలో వచ్చిన మీటియోర్ 350 సీటు 765 దగ్గర ఉంది. పొట్టిగా ఉన్నవారికి ఆ 40 మిల్లీమీటర్లు వేలి కొనలకూ పూర్తి పాదానికీ ఉన్న తేడా.

క్రూజర్లలో ఫుట్‌రెస్టులు ముందుకు జరిగి ఉంటాయి. పాదాలు ముందుకు చాచి కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా వెన్ను చివరి ఎముక మీద పడుతుంది. గతుకు వచ్చినప్పుడు పాదాల మీద బరువు వేసి సీటు నుంచి రెండు అంగుళాలు లేవడం మనందరికీ అలవాటు. పాదాలు ముందున్నప్పుడు అది కుదరదు, దెబ్బ నేరుగా నడుముకు తగులుతుంది. సీటు దించడం కోసం వెనక స్ప్రింగుల కదలిక తగ్గించిన బండ్లలో ఆ దెబ్బ ఇంకా గట్టిది. నడుము నొప్పి ఉన్నవారికి పాదాలు దాదాపు తుంటి కిందికే వచ్చి, ఒళ్ళు ముందుకు కొద్దిగా వంగి, మోచేతులు వదులుగా ఉండే కూర్చునే తీరు మేలు. కాబట్టి క్రూజర్‌కు ముందు, ఫుట్‌రెస్టులు మధ్యలో ఉండి సీటు సన్నగా ఉన్న తేలికపాటి బండ్లు చూడండి. అవసరమైతే సీటు స్పాంజిని పక్కల నుంచి కోయించి సన్నం చేయించుకోవచ్చు. మధ్యలో మందం తగ్గించనివ్వకండి, నడుముకు రక్షణ అదే. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలన్న పట్టుదల కూడా మీ అనుభవానికి అక్కరలేదు. తేలికైన బండి మీద ఒక పాదం పూర్తిగా, రెండోది మునివేళ్ళతో ఆనితే చాలు.

ప్రశ్న: ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోలు, రంగుల తెర ఇవన్నీ లేకుండానే నలభై ఏళ్ళు నడిపాను. ఇప్పుడు వాటికోసం ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా? — మరో పాఠకుడు

జవాబు: మూడింటినీ ఒక గాటన కట్టకండి. బ్రేకు ఎంత గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేని బండి ఈ వయసులో కొనవద్దని గట్టిగా చెబుతాను. మోటారు సైకిల్ మీద అది 1988లో బీఎండబ్ల్యూ కె100తో వచ్చింది, అంటే దాని పనితనం దశాబ్దాలుగా రోడ్డు మీద రుజువైనదే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం కనిపించి చేయి బ్రేకు మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పడితే, బ్రేకు పనిచేయకముందే 25 మీటర్లు గడిచిపోతాయి. వయసుతో ఆ సమయం కాస్త పెరిగేదే గాని తగ్గేది కాదు. ఆ మిగిలిన దూరంలో చక్రం బిగుసుకుపోతుందేమోనన్న సంకోచం లేకుండా లివరు పూర్తి బలంతో నొక్కగలిగే ధైర్యాన్ని ఏబీఎస్ ఇస్తుంది. థ్రాటిల్ తిప్పినప్పుడు వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోలు తడి రోడ్డు మీద మంచిదే, అయితే 50 హార్స్‌పవర్ల లోపు బండికి అది లేకపోయినా లోటు కాదు.

తెర విషయంలో మాత్రం జాగ్రత్త. నలభై దాటాక దగ్గరి వస్తువుల మీద కన్ను నిలవడం ఆలస్యమవుతుంది. రోడ్డు మీద నుంచి చిన్న అంకెల మీదికీ, మళ్ళీ రోడ్డు మీదికీ చూపు మారడానికి పట్టే ఆ క్షణంలో బండి చాలా దూరం పోతుంది. పెద్ద ముల్లున్న గుండ్రటి మీటరైతే అంకె చదవనక్కరలేదు, ముల్లు వాలిన తీరే చెబుతుంది. తెర ఉన్న బండే నచ్చితే మిట్టమధ్యాహ్నం ఎండలోనూ, మసక చీకటిలోనూ మీ కళ్ళద్దాలతో చూసి మరీ కొనండి. ఎదుటి దీపాల జిలుగు నుంచి కన్ను తేరుకోవడం కూడా వయసుతో మందగిస్తుంది కాబట్టి, ఎక్కువ పెట్టదలచిన డబ్బును మంచి హెడ్‌లైటు మీదా, గీతలు పడని హెల్మెట్ అద్దం మీదా పెట్టండి. చెవి ప్లగ్గులు కూడా కొనుక్కోండి: గంటకు 100 కిలోమీటర్లు దాటితే హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది, దూరప్రయాణంలో అలసటకు సగం కారణం ఆ హోరే.

ప్రశ్న: ఎనిమిదేళ్ళ నాటి బండి, 6000 కిలోమీటర్లు మాత్రమే తిరిగింది. నాకు బాగా నచ్చింది. తీసుకోవచ్చా? — ఇంకొక పాఠకుడు

జవాబు: తీసుకోవచ్చు, అయితే తక్కువ తిరిగిన బండిని కొత్త బండిగా లెక్కవేయకండి. టైరు పక్కన చెక్కిన కోడు చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది కాబట్టి, ఎనిమిదేళ్ళ టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నా మార్చవలసిందే. బ్రేకు ఆయిలు, కూలెంటు, బ్యాటరీ, ముందు ఫోర్కు సీళ్ళు కూడా ఆ ఖాతాలోనే వేసుకుని, వాటి ఖర్చంతా ధరలో తగ్గించమని అడగండి. బండి చూడటానికి వెళ్ళేముందు ఇంజను వేడి చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పండి. నెలల తరబడి కదలని బండి బాగోగులు చల్లటి ఇంజను మొదటిసారి మీట నొక్కినప్పుడు పలికే తీరులో తెలుస్తాయి.